పెన్సిల్వేనియాలో 2026 నవంబర్ 3 ఓటు: పోస్టులో వెయ్యాలా, బూత్‌కి వెళ్ళాలా? మొదటిసారి వేసేవాళ్ళకి ఎక్కడ తేడా వస్తుంది?

మెకానిక్స్‌బర్గ్ కోడలు:

అందరికీ నమస్కారం. మాది కంబర్లాండ్ కౌంటీ, పదో కాంగ్రెస్ డిస్ట్రిక్ట్. ఈ వేసవిలో నాకూ మా అత్తయ్యగారికీ సిటిజన్‌షిప్ వచ్చింది. మావారిది ఇంకా గ్రీన్ కార్డే. ఎవరికి వెయ్యాలో చెప్పమని అడగడం లేదు, ఆ గొడవ వాట్సాప్ గ్రూపుల్లో చాలినంత ఉంది. నా సందేహాలు ఇవీ:

పోస్టులో వేస్తే లెక్కలోకి రాదు, బూత్‌కే వెళ్ళాలి అని కొందరంటున్నారు. నిజమా? అత్తయ్యగారు ఇంగ్లిష్ చదవలేరు, తెలుగు బ్యాలెట్ ఏమైనా ఇస్తారా? ఆవిడ అక్టోబర్ 20న హైదరాబాద్ వెళ్తున్నారు, అంతకుముందే వేసెయ్యొచ్చా? మా ఇద్దరి కవర్లూ నేనే తీసుకెళ్ళి డబ్బాలో వెయ్యొచ్చా? చివరగా, ప్రెసిడెంట్ ఎన్నికే కాదు కదా, ఇంత హడావుడి దేనికి?

---

బూత్ బల్ల:

ముందు అసలు ఓటు హక్కు వచ్చిందో లేదో చూసుకోండి అమ్మా. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం ఎన్నిక నాటికి సిటిజన్ అయి కనీసం నెల నిండాలి, అడ్రసులో 30 రోజులు ఉండాలి. మీకు వేసవిలోనే వచ్చింది కాబట్టి బాధ లేదు. అక్టోబర్ మధ్యలో సిటిజన్‌షిప్ ప్రమాణం చేసేవాళ్ళు మాత్రం ఈసారికి ఆగాల్సిందే. ఆ ప్రమాణం జరిగే హాలు బయట ఓటరు నమోదు ఫారం చేతిలో పెట్టారు కదా అని అందరికీ ఈ ఎన్నికకే పనికొస్తుందనుకోకండి.

రిజిస్ట్రేషన్‌కి ఆఖరి రోజు అక్టోబర్ 19. ఓటరు లిస్టులో పేరు దానంతట అదే వచ్చేస్తుందనుకోకండి. ఆన్‌లైన్‌లో డ్రైవింగ్ లైసెన్స్ నంబరుతో చేస్తే పది నిమిషాల పని, లైసెన్స్ లేకపోతే సోషల్ సెక్యూరిటీ ఆఖరి నాలుగు అంకెలు. మన తెలుగువాళ్ళకి ఇక్కడే మొదటి ముడి పడుతుంది. సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర, లైసెన్స్‌లో ముందు, సోషల్ సెక్యూరిటీలో ఇనీషియల్ మాత్రమే. మూడు చోట్లా మూడు పేర్లుంటే కౌంటీ వాళ్ళు ఉత్తరం రాస్తారు, ఆ ఉత్తరం మీరు చూసి జవాబిచ్చేసరికి గడువు నెత్తి మీదికి వస్తుంది. వరస ఇదీ: ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో స్టేటస్, పేరు మార్పించుకోండి. తర్వాత పెన్‌డాట్ (రాష్ట్ర రవాణా శాఖ) ఆఫీసులో లైసెన్స్. ఆ తర్వాతే ఓటరు నమోదు. మూడు చోట్లా పేరు కలవకపోతే లైసెన్స్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి.

పార్టీ గడిలో ఏం పెట్టినా నవంబర్‌లో ఎవరికైనా వెయ్యొచ్చు. మే నెల ప్రైమరీకి, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నికకి మాత్రమే ఆ గడితో పని. ఇక్కడ ప్రైమరీ మూసి ఉంటుంది, నమోదైన పార్టీవాళ్ళే వెయ్యాలి.

బూత్ ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా. 8 గంటలకి వరసలో ఉంటే ఎంతసేపైనా ఓటు వెయ్యనిస్తారు, వరస వదిలి కారు దగ్గరికి వెళ్ళకండి. ఆ పోలింగ్ కేంద్రంలో మొదటిసారి వేసేవాళ్ళని ఐడీ అడుగుతారు. ఫోటో ఉన్నదే కానక్కర్లేదు: కౌంటీ పంపిన ఓటరు కార్డు, పేరూ అడ్రసూ ఉన్న కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు ఏదైనా చాలు. సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ తీసుకెళ్ళి పోగొట్టుకోవద్దు, దాంతో అక్కడ పని లేదు. వేలికి సిరా కూడా ఉండదు, ఫోటో దిగాలంటే స్టిక్కరుతో సరిపెట్టుకోవాలి.

---

రెండు కవర్లు:

"పోస్టులో వేస్తే లెక్కలోకి రాదు" అన్నది అబద్ధం. 2019లో వచ్చిన 77వ చట్టం నుంచి కారణం చెప్పకుండా ఎవరైనా పోస్టులో వెయ్యొచ్చు. కాకపోతే పోస్టులో పోయే ఓటు తిరస్కరణకి గురయ్యే దారులు ఎక్కువ, ఆ మాట నిజం. అవి తెలిస్తే భయం లేదు.

కౌంటీ నుంచి మీకు మూడు వస్తువులు వస్తాయి: బ్యాలెట్, లోపలి రహస్య కవరు, బయటి కవరు. బ్యాలెట్ నింపి లోపలి కవర్లో పెట్టి అంటించాలి. దాన్ని బయటి కవర్లో పెట్టి అంటించి, వెనక సంతకం, తేదీ వెయ్యాలి. లోపలి కవరు లేకుండా బ్యాలెట్ నేరుగా బయటి కవర్లో పెడితే ఇక్కడివాళ్ళు "నేకెడ్ బ్యాలెట్" అంటారు. దాన్ని లెక్కించరు, 2020లో రాష్ట్ర సుప్రీం కోర్టే తేల్చేసింది. లోపలి కవరు మీద పేరు, ఇనీషియల్, "ఓం", స్మైలీ ఏదీ రాయకండి. ఎవరి ఓటో పోల్చుకునే గుర్తు ఉంటే అదీ పోయినట్టే.

తేదీ దగ్గర మనవాళ్ళకి ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. మనం రోజు ముందు రాసి నెల తర్వాత రాస్తాం. అక్టోబర్ 5ని 5/10 అని రాస్తే వాళ్ళు మే 10 అని చదువుకుంటారు, మేలో ఈ బ్యాలెట్ అచ్చే కాలేదు. నెల ముందు, తర్వాత రోజు: 10/05. ఇంకో అలవాటు పొరపాటు, తేదీ అనగానే పుట్టినతేదీ రాసెయ్యడం. అక్కడ వెయ్యాల్సింది సంతకం పెట్టిన రోజు. తేదీ లేదన్న సాకుతో ఓటు పక్కన పెట్టకూడదని 2025 ఆగస్టులో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు చెప్పిన మాట వాస్తవమే. కానీ ఈ తేదీ గొడవ 2020 నుంచీ కోర్టుల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. మీ ఓటు ఆ కేసుల మధ్య నలగాల్సిన అవసరమేముంది? సరిగ్గా రాసెయ్యండి.

భార్యాభర్తల బ్యాలెట్లు ఒకేరోజు వస్తే టేబుల్ మీద కలిసిపోతాయి. బయటి కవరు మీద ఉన్న బార్‌కోడ్ ఆ మనిషిది మాత్రమే. ఒకరి కవరు మీద ఇంకొకరు సంతకం పెడితే రెండూ చిక్కుల్లో పడతాయి. ఒకళ్ళది పూర్తిగా అంటించాక రెండోది విప్పండి.

గడువులు: పోస్టు బ్యాలెట్‌కి దరఖాస్తు అక్టోబర్ 27 సాయంత్రం 5 లోపు కౌంటీకి చేరాలి. నింపిన బ్యాలెట్ నవంబర్ 3 రాత్రి 8 లోపు కౌంటీ ఆఫీసుకి చేరాలి. చేరాలి అంటే చేరాలి, పోస్టు ముద్ర ఏ రోజుదైనా లెక్క లేదు. ఆఖరి వారంలో పోస్టు డబ్బాలో వేసేకన్నా కార్లైల్‌లో కౌంటీ ఆఫీసుకి స్వయంగా ఇచ్చెయ్యడం మేలు.

ఒక్కోసారి ఒక కాలమ్‌లో రెండు గడులు నింపేస్తారు. వైట్‌నర్ రాయకండి, కొట్టివేతలు పెట్టకండి. ఫోన్ చేసి ఇంకో బ్యాలెట్ అడగండి, ఇస్తారు.

---

బూత్ బల్ల:

పైన చెప్పినవన్నీ సరే. అయినా ఊళ్ళో ఉండి, కాళ్ళూ చేతులూ బాగున్నవాళ్ళకి బూత్ అంత సుఖం లేదని నా అభిప్రాయం. ఒకే పదవికి ఇద్దరికి గుర్తు పెడితే చాలా యంత్రాలు అక్కడే హెచ్చరిస్తాయి, పోస్టులో ఆ సౌకర్యం లేదు. పోస్టు బ్యాలెట్ తెప్పించుకుని మనసు మారితే బ్యాలెట్టూ రెండు కవర్లూ మొత్తం బూత్‌కి తీసుకెళ్ళి అప్పగించండి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని మామూలు ఓటు ఇస్తారు. కవర్లు ఇంట్లో మర్చిపోయి వెళ్తే ప్రొవిజనల్ బ్యాలెట్ (తర్వాత పరిశీలించాకే లెక్కించే ఓటు) ఇస్తారు. దాని కవరు మీద సంతకాలు రెండు చోట్ల పెట్టాలి. ఒకటి పెట్టి రెండోది వదిలేసినవాళ్ళ ఓట్లు ఏటా పోతున్నాయి.

---

రెండు కవర్లు:

బల్లగారూ, మధ్యాహ్నం షిఫ్టులూ చంటిపిల్లలూ ఉన్నవాళ్ళకి బూత్ సుఖమేమిటండీ. అయినా ఒక ఊరట: రహస్య కవరు మర్చిపోయి పోస్టు ఓటు పోయినవాళ్ళు ఎన్నికరోజు ప్రొవిజనల్ వేస్తే దాన్ని లెక్కించాలని 2024 అక్టోబర్‌లో రాష్ట్ర సుప్రీం కోర్టు చెప్పింది. అందుకే పోస్టు చేసి చేతులు దులుపుకోకండి. రాష్ట్ర వెబ్‌సైట్‌లో బ్యాలెట్ ఎక్కడుందో చూపిస్తుంది. కొట్టేసినట్టు మెయిలు వస్తే నవంబర్ 3న బూత్‌కి పరిగెత్తొచ్చు. తప్పు దిద్దుకోనిచ్చే పద్ధతి మాత్రం ఒక్కో కౌంటీలో ఒక్కోలా ఉంటుంది. కొందరు పిలిచి దిద్దిస్తారు, కొందరు ఊరుకుంటారు.

---

హైదరాబాద్ ఫ్లైట్:

అత్తయ్యగారి సంగతి చెప్తాను. తెలుగు బ్యాలెట్ లేదు. ఫెడరల్ చట్టం కింద ఏ భాష బ్యాలెట్ ఎక్కడ ఇవ్వాలన్నది జనాభా లెక్కల్ని బట్టి ఉంటుంది, పెన్సిల్వేనియాలో ఏ కౌంటీకీ తెలుగు రాలేదు. కానీ 1965 నాటి ఓటు హక్కుల చట్టంలో 208వ సెక్షన్ ఉంది: చదవలేనివాళ్ళు తమకి నచ్చినవాళ్ళ సాయం తీసుకోవచ్చు. కోడలైనా, పక్కింటివాళ్ళైనా పర్వాలేదు. ఉద్యోగం ఇచ్చిన యజమాని గానీ, అతని మనుషులు గానీ, యూనియన్ ప్రతినిధి గానీ కాకూడదు, అంతే. ఈ రాష్ట్రంలో ఆ బూత్ జడ్జి (బూత్ నడిపే ఎన్నికల అధికారి) కూడా సాయం చెయ్యకూడదు. బూత్‌లో అయితే సాయం కావాలని ఒక డిక్లరేషన్ రాయిస్తారు. లోపలికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. చదివి తెలుగులో చెప్పడం మీ పని, ఎవరికన్నది ఆవిడ నోటి నుంచి రావాలి. "ఎవరికి వెయ్యమంటావే" అని ఆవిడ అడిగితే, పేర్లు మళ్ళీ చదవండి.

అక్టోబర్ 20 దగ్గర చిక్కుంది. చట్టం ప్రకారం కౌంటీలు పోస్టు బ్యాలెట్లు పంపడానికి ఆఖరి రోజు ఎన్నికకి ముందు రెండో మంగళవారం. క్యాలెండర్ చూడండి, అది సరిగ్గా అక్టోబర్ 20. అంటే ఆవిడ విమానం ఎక్కాక బ్యాలెట్ మీ ఇంటి పోస్టు డబ్బాలో పడే ప్రమాదం ఉంది. చాలా కౌంటీలు అంతకు ముందే పంపుతాయి, కానీ దాని మీద ఆధారపడకండి.

మంచి మార్గం ఇది. పెన్సిల్వేనియాలో టెక్సస్‌లో లాగా ముందస్తు బూత్‌లు లేవు. దానికి బదులు కౌంటీ ఆఫీసు కిటికీ దగ్గర దరఖాస్తు ఇచ్చి, అక్కడే బ్యాలెట్ తీసుకుని, అక్కడే నింపి, అక్కడే ఇచ్చి రావొచ్చు. అక్టోబర్ మొదటి వారం నుంచి కార్లైల్ ఆఫీసుకి ఫోన్ చేస్తూ ఉండండి, "బ్యాలెట్లు అచ్చయి వచ్చాయా" అని ఒక్క ప్రశ్న. రాగానే ఆవిడని తీసుకెళ్ళండి. ఆఖరి రోజులదాకా ఆగితే వరసలు ఎలా ఉంటాయో 2024లో బక్స్ కౌంటీలో చూశాం. వరసలో ఉన్నవాళ్ళని వెనక్కి పంపేస్తే ట్రంప్ ప్రచార బృందం కోర్టుకి వెళ్ళింది, జడ్జి ఆ ఒక్క కౌంటీకి నవంబర్ 1 దాకా గడువు పెంచాల్సి వచ్చింది.

అది కుదరకపోతే విదేశంలో ఉన్నవాళ్ళ కోటాలో ఫెడరల్ పోస్ట్ కార్డ్ అనే దరఖాస్తు ఉంది. బ్యాలెట్ ఈమెయిల్లో తెప్పించుకోవచ్చు గానీ ఈ రాష్ట్రానికి తిరిగి పంపడం మాత్రం కాగితమే. నవంబర్ 2 లోపు పంపాలి, నవంబర్ 10 సాయంత్రం 5 లోపు కౌంటీకి చేరాలి. హైదరాబాద్ నుంచి కొరియర్‌లో పంపితే చేరుతుంది, ఖర్చవుతుంది. విమానం ఎక్కేముందే వేయించెయ్యండి.

ఇక ఇద్దరి కవర్లూ మీరే వెయ్యడం: వద్దు. ఇక్కడ ఎవరి బ్యాలెట్ వాళ్ళే అప్పగించాలి, మొగుడిది పెళ్ళాం వేసినా చెల్లదు. ఆరోగ్యం బాగోక కదల్లేనివాళ్ళు ఫలానా మనిషి తెస్తారని కౌంటీ ఫారం మీద ముందుగా రాసిస్తేనే మినహాయింపు. డ్రాప్ బాక్సుల (కౌంటీ పెట్టే బ్యాలెట్ డబ్బాల) దగ్గర కెమెరాలుంటాయి. ఇంటిల్లిపాదివీ నాలుగు కవర్లు ఒకరే వేస్తే అది సాయం కాదు, కేసు.

అన్నట్టు, మీ ఇద్దరి పేర్లూ అక్కడి ఓటరు లిస్టులో ఇంకా ఉంటే తీసేయించండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే ఇండియా పౌరసత్వం పోయింది, ఓసీఐ కార్డుతో అక్కడ ఓటు లేదు. ఫారం 7 ఇస్తే తొలగిస్తారు.

---

గ్రీన్ కార్డు గుమ్మం:

మావారిది గ్రీన్ కార్డే అని మీరు ఒక ముక్క రాసి వదిలేశారు, కానీ అదే అన్నిటికన్నా పెద్దది. గ్రీన్ కార్డు, హెచ్1బీ, హెచ్4 ఎవరూ ఓటరుగా నమోదు కాకూడదు. ఓటు వెయ్యకపోయినా, "నేను సిటిజన్ని" అని టిక్కు పెట్టడమే పౌరసత్వం గురించి తప్పుడు ప్రకటన అవుతుంది. దానికి ఇమిగ్రేషన్ చట్టంలో క్షమాపణ దాదాపు లేదు, దేశం నుంచి పంపెయ్యొచ్చు. రేపు ఆయన ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు) వేసినప్పుడు ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది.

పొరపాటు ఎక్కడ జరుగుతుంది? లైసెన్స్ దగ్గర. పెన్‌డాట్ యంత్రంలో లోపం వల్ల సిటిజన్లు కానివాళ్ళకీ ఓటరు ప్రశ్న కనబడిందని 2017లో బయటపడింది. 2023 సెప్టెంబర్ నుంచి లైసెన్స్‌తోపాటే ఆటోమేటిక్ నమోదు మొదలుపెట్టారు, ఇప్పుడు అర్హత ఉన్నవాళ్ళకే ఆ తెర వస్తుంది. అయినా తెర మీద ఏది కనబడినా చదవకుండా "అవును" నొక్కవద్దు. మాల్ బయట క్లిప్‌బోర్డుతో నిలబడ్డవాళ్ళకీ సంతకం పెట్టొద్దు. ఒకవేళ ఇప్పటికే పేరు ఎక్కిపోయిందని తెలిస్తే ఓటు వెయ్యకండి, సొంతంగా ఉత్తరాలు రాయకండి, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

ఆయన చెయ్యగలిగినవి ఉన్నాయి. జీతం లేకుండా ప్రచారంలో పని చెయ్యొచ్చు, గ్రీన్ కార్డు కాబట్టి చందా కూడా ఇవ్వొచ్చు. హెచ్1బీ వాళ్ళు చందా ఇవ్వకూడదు. ఇంటికి వచ్చిన అభ్యర్థి చేతిలో ఇరవై డాలర్లు పెట్టడం కూడా చందాయే.

---

లేహై లెక్కలు:

"ప్రెసిడెంట్ ఎన్నికే కాదు కదా" అన్నారు. ఈసారి మన బ్యాలెట్‌లో సెనేటర్ కూడా లేరు: ఫెటర్‌మన్ సీటుకి ఎన్నిక 2028లో, మెకార్మిక్ సీటుకి 2030లో. ఉన్నవి గవర్నర్ - లెఫ్టినెంట్ గవర్నర్ జోడీ, అమెరికా హౌస్ సీటు, రాష్ట్ర హౌస్ సీటు, సరి సంఖ్య డిస్ట్రిక్ట్ అయితే రాష్ట్ర సెనేట్ సీటు. గవర్నర్‌కి డెమోక్రాట్ జాష్ షపీరో మళ్ళీ దిగారు. అవతల రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ 2025లోనే ట్రెజరర్ స్టేసీ గారిటీ వెనక నిలబడింది. పాతరోజుల్లోలా ఒక్క గుర్తుతో పార్టీ మొత్తానికి వేసే పద్ధతి లేదు, 77వ చట్టంలోనే తీసేశారు. ఒక్కో పదవికీ విడిగా గుర్తు పెట్టాలి, పైన ఆగిపోతే కింద ఖాళీగా పోతుంది.

కింద ఖాళీగా పోతే ఏమవుతుంది? రాష్ట్ర హౌస్‌లో 203 సీట్లు: 2024లో డెమోక్రాట్లకి 102, రిపబ్లికన్లకి 101 వచ్చాయి. రాష్ట్ర సెనేట్ రిపబ్లికన్ల చేతిలో. ఈ తగవులో 2025 జూన్ 30కి రావాల్సిన బడ్జెట్ నవంబర్ 12న సంతకమైంది. స్కూళ్ళూ కౌంటీలూ నాలుగు నెలలకి పైగా అప్పులు చేసి నడిపాయి.

మీ పదో డిస్ట్రిక్ట్‌లో 2024లో స్కాట్ పెరీ గెలిచింది సుమారు 5,100 ఓట్లతో. మా ఏడో డిస్ట్రిక్ట్, అంటే ఆలెన్‌టౌన్ వైపు, ర్యాన్ మెకెంజీ సుమారు 4,000తో. స్క్రాంటన్ వైపు ఎనిమిదిలో రాబ్ బ్రెస్నహన్ 6,200 పైచిలుకు. మూడూ కలిపి పదిహేను వేల చిల్లర, మూడూ రిపబ్లికన్ సీట్లే. అమెరికా హౌస్ మొత్తంలో రిపబ్లికన్లకి ఆ ఎన్నికలో వచ్చినవి 220, డెమోక్రాట్లకి 215. ప్రెసిడెంట్ పార్టీకి మధ్యంతరంలో, అంటే ఆయన పదవీకాలం మధ్యలో వచ్చే ఇలాంటి ఎన్నికలో, సీట్లు తగ్గడం మామూలే, 1998, 2002 లాంటివి అరుదు. అందుకే డబ్బూ ప్రకటనలూ ఈ మూడు సీట్ల మీద కుమ్మరిస్తారు.

లెక్కింపు గురించి ముందే ఒక మాట. పోస్టు బ్యాలెట్ కవర్లు ఎన్నికరోజు ఉదయం 7 కి ముందు విప్పడానికి ఈ రాష్ట్రంలో వీల్లేదు. ఫ్లోరిడాలో ముందే విప్పి సిద్ధం చేసుకుంటారు, ఇక్కడ ఆ వెసులుబాటు ఇవ్వమని కౌంటీలు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నాయి, చట్టసభ కదల్లేదు. బూత్ ఓట్లు ముందు బయటికి వస్తాయి, అందులో రిపబ్లికన్లు ఎక్కువ. పోస్టు ఓట్లు తర్వాత, అందులో డెమోక్రాట్లు ఎక్కువ. రాత్రి పదింటికి కనబడే ఆధిక్యం తెల్లారేసరికి తగ్గితే దొంగతనం కాదు, కవరు విప్పే వరస అది. 2022లో వచ్చిన 88వ చట్టం కింద రాష్ట్రం డబ్బు తీసుకునే కౌంటీలు మధ్యలో ఆపకుండా లెక్కించాలి, కాబట్టి 2020లో లాగా శనివారం దాకా ఆగాల్సిన పని రాకపోవచ్చు. ప్రొవిజనల్, విదేశీ ఓట్లకి మాత్రం వారం దాకా పట్టొచ్చు.

రీకౌంట్ విషయంలో చాలామంది పొరబడతారు. తేడా అర శాతం లోపుంటే ఆటోమేటిక్ రీకౌంట్ అన్నది రాష్ట్రం మొత్తం జరిగే పోటీలకే. 2024 సెనేట్ పోటీలో మెకార్మిక్, కేసీ మధ్య అలాగే మొదలైంది, కేసీ ఓటమి ఒప్పుకోవడంతో ఆగింది. కాంగ్రెస్ సీటుకి అది వర్తించదు. బూత్‌కి ముగ్గురు ఓటర్లు కోర్టులో పిటిషన్ వెయ్యాలి, డిపాజిట్ కట్టాలి, గడువు రోజుల్లోనే ఉంటుంది.

---

మెకానిక్స్‌బర్గ్ కోడలు:

అందరికీ ధన్యవాదాలు. అయితే అత్తయ్యగారిని అక్టోబర్ రెండో వారంలో కార్లైల్ తీసుకెళ్తాను, నేను బూత్‌లో వేస్తాను. ఒక్క సందేహం మిగిలింది: డిక్లరేషన్ ఆవిడ ప్రతిసారీ రాయాలా? ఆవిడ సంతకం తెలుగులో పెడతారు, పర్వాలేదా?

---

హైదరాబాద్ ఫ్లైట్:

సంతకం ఏ లిపిలో ఉన్నా సంతకమే. ఈ రాష్ట్రంలో సంతకం పోలలేదన్న ఒక్క కారణంతో పోస్టు బ్యాలెట్ కొట్టెయ్యకూడదని 2020లోనే సుప్రీం కోర్టు చెప్పింది. అయినా రిజిస్ట్రేషన్ ఫారం మీద తెలుగులో పెట్టి కవరు మీద ఇంగ్లిష్‌లో పెట్టకండి, రెండు చోట్లా ఒకేలా ఉండనివ్వండి. వణుకుతో గుర్తు మాత్రమే పెట్టగలిగితే కవరు మీద సాక్షి సంతకానికి చోటుంది.

డిక్లరేషన్ బూత్ వ్యవహారం. రిజిస్ట్రేషన్‌లోనే సాయం అవసరమని రాయిస్తే రికార్డులో ఉంటుంది, ప్రతిసారీ రాయనక్కర్లేదు. ఇప్పుడు ఫారం నింపుతున్నప్పుడే ఆ గడి నింపెయ్యండి. కౌంటీ కిటికీ దగ్గర మాత్రం మీరు పక్కనే ఉండి, సాయం చేసినవాళ్ళ పేరు రాయాల్సిన చోట మీ పేరు రాయండి. ఆవిడ నీలం లేదా నల్ల పెన్నుతోనే నింపాలి, చేతిసంచీలో ఉన్న ఎర్ర పెన్ను బయటికి తియ్యనివ్వకండి.